చందమామ ఏడేళ్లు

మీరాబీ ముక్కుకు కొంగు కట్టుకుని, నేలమీద పరిచిన ఎర్రగుడ్డలో దూదిని కర్రతో కొట్టి సమంగా సర్దింది. జనవరి చలికి గోల్‌బజార్‌లో దూది బొంతల్లాంటి రజాయిల గిరాకీ ఊపుమీద ఉంది. పొద్దున్నుంచి ఇది మూడోది. ఆమె కుట్టు చీమల బారులా తిన్నగా నడుస్తుందని, కొత్త పెళ్లికూతుళ్ల రజాయిలన్నీ కొట్టు యజమాని దాదా ఆమెకే ఇస్తాడు. కనుబొమల మీద దూది పేరుకుని, ముప్పై ఏళ్లకే ముసలిదానిలా కనిపిస్తుంది. మట్టి కప్పులో అల్లం టీ ఊదుకుని తాగేటప్పుడు మాత్రం ఆ ముఖం చిన్నపిల్లదైపోతుంది.

ఇవాళ టీ చల్లారిపోయింది.

"సూదినలా పొడిసేస్తన్నావేటే? రజాయి నీకేటి సేసినాది?" అంది పక్కన కుడుతున్న దాలమ్మ.

"రజాయేటీ సెయ్యలేదు వదినా. సెందమామ సేసినాడు."

విడాకులప్పుడు పెద్దలు కాగితం రాశారు. మగపిల్లాడు ఏడేళ్లు నిండేదాకా తల్లి దగ్గర, ఆ తర్వాత తండ్రి దగ్గర. మీరాబీ సంతకం పెట్టింది. కొడుకు తాహిర్ పుట్టింది మార్చి ఇరవైన. ఆ రోజు వరకూ వాడు తనవాడేనని ధీమాగా ఉంది. నిన్న మామగారు కబురు పంపాడు: రజబు నెల రెండో రోజుకి, అంటే రేపు శుక్రవారానికి ఏడు నిండుతున్నాయి, సాయంత్రం వచ్చి తీసుకెళతాం. నెలవంకతో లెక్కపెట్టే చంద్రుడి ఏడాది ఇంగ్లీషు ఏడాదికన్నా పదకొండు రోజులు పొట్టిది. ఏడేళ్లకు కలిపి రెండున్నర నెలలు ఎగిరిపోయాయి.

రంజానుకు డాబా ఎక్కి నెలవంకను వెతికే మనిషి, కొడుకు వయసును బడి కాగితం చూసి లెక్కపెట్టుకుంది. ఎవరిని తిట్టాలో తెలియక సూదిని తిడుతోంది.

"కోర్టుకెల్లొచ్చు గదే?"

"పొద్దున్నే వకీలుని అడిగినాను. కోర్టోళ్లు పిల్లాడి మంచి సూస్తారంట. కాపోతే తేలేసరికి ఆడికి మీసాలొస్తాయన్నాడు."

నాలుగింటికి పూరీ గేట్ దగ్గరి అద్దె గదికి చేరింది. తాహిర్ ఊగుతున్న పన్నును నాలుకతో తోస్తూ, చాప మీద పరిచిన చిన్న రజాయి ముందు కూర్చున్నాడు. పెళ్లికూతుళ్ల రజాయిల్లో మిగిలిన జరీ ముక్కలతో వాడి కోసం చేస్తున్నది. శుక్రవారానికో వరస కుడితే పుట్టినరోజుకు సరిగ్గా పూర్తవుతుందని ఆమె లెక్క.

"అమ్మా, మిగిలిన గీతలన్నీ సుద్దతో గీసీసినాను. నువ్వింక కుట్టీడమే!"

వీధిలో ఆటో ఆగింది. మామగారు మనవడికి తెచ్చిన కొత్త టోపీతో, మిఠాయి పొట్లంతో లోపలికి వచ్చాడు. ఆమె చేతిలోని తాహిర్ బట్టల సంచీ వదల్లేదు.

"మావా, మార్చి దాకా ఆగండి. కాగితంలో ఏడేళ్లన్నారు గానీ సెందమామ ఏడేళ్లని రాయలేదు."

"ఇంగ్లీషు ఏడేళ్లనీ రాయలేదమ్మీ. మన కాగితాలకి మన నెలలే గదా. ఆ రోజు నువ్వడగలేదు."

నిజమే, అడగలేదు. అడగాలని అప్పుడు తోచలేదు.

"వాణ్ణి శుక్రవారం శుక్రవారం నీ దగ్గరికి పంపుతాం. ఠీక్ హై?"

"ఏ లెక్క శుక్రవారం మావా?"

ముసలాయన సంచీ అందుకుని, తల వంచుకుని గుమ్మం దాటాడు.

తాహిర్ కొత్త టోపీ సర్దుకుంటూ ఆటో ఎక్కాడు. "అమ్మా, రజాయో?"

"పూర్తవలేదురా."

"అయితే నేనొచ్చేసరికి కుట్టీ."

ఆటో సందు మలుపు తిరిగింది. మీరాబీ లోపలికి వచ్చి, అలవాటుగా రజాయి ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించి, ఈ శుక్రవారం వరస దగ్గర గుచ్చింది. లాగలేదు. లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

చాప మీద రజాయి, అందులో గుచ్చిన సూది, అక్కడి నుంచి మార్చి దాకా పదకొండు సుద్దగీతలు. ఆఖరిది మాత్రం, పన్ను ఊపుకుంటూ గీసినట్టు, వంకరగా పక్క గీతలోకి పోయింది.