సోమయాజులుగారి కడపటి ప్యాచ్

శ్రావణమాసమున సముద్రమునుండి లేచిన నీలమేఘపరంపర విశాఖపట్టణ శైలశిఖరముల నావరించి పగటివేళనే సంధ్యాభ్రాంతి గొలుపుచు అవిచ్ఛిన్నధారాపాతముచే వీధుల నెల్ల జలమయము గావించుచుండెను. ఆ మసకవెలుతురున నొక మేడగదిలో కంప్యూటరు ముందు కూర్చుండి సువర్చల తన గురువుగారు ప్రోగ్రాములలో చేసిన మార్పులను కూర్చి పంపిన ప్యాచ్‌ను పరీక్షించుచుండెను.

ఆ గురువు అవసరాల సోమయాజులుగారు. ఫైళ్లను నకలుచేయుట పేర్చుట తొలగించుట మొదలగు నిత్యకృత్యములను నెరవేర్చు చిన్నచిన్న ప్రోగ్రాములను యౌవనమునందే రచించి లోకమునకు ఉచితముగా నొసగిన పుణ్యాత్ముడు. సువర్చలచేత ఈ విద్యకు ఓనమాలు దిద్దించినవాడును ఆయనయే. మన్యసీమలోని యొక చిన్న ఆసుపత్రి తన యంత్రములను వేఱొక ఆపరేటింగ్ సిస్టమునకు మార్చుకొనగా, వారికొఱకు తన ప్రోగ్రాముల నెల్ల అందు నడచునట్లు మార్చుటకు ఆయన పూనుకొనెను. అంతలో నేత్రరోగము ప్రబలి చూపును హరింపగా, యంత్రము చదివి వినిపించుచుండ చెవితో వినుచు ఆ మహాకార్యమును ముగించెను. ఆ ప్రోగ్రాముల సంరక్షణభారము సువర్చల వహించియుండుటచే, దానిని అంగీకరించు అధికారము ఇప్పుడు శిష్యురాలిది.

నకలుచేయు ప్రోగ్రాము నిర్దుష్టముగా నుండెను. పేర్చునదియు నట్లే. తొలగించు ప్రోగ్రామును చేరునప్పటికి ఆమె చేయి నిలిచిపోయెను. వేఱొకచోటనున్న ఫోల్డరునకు దారిచూపు గుఱుతును లింకు అందురు. దానిని తొలగించునపుడు గుఱుతు మాత్రమే పోవలెను. కొత్త సిస్టమున అట్టి లింకులు రెండు తెగలు. అందు రెండవదానిని ఈ ప్యాచ్ నిజమైన ఫోల్డరని భ్రమించుచున్నది. సువర్చల కల్పిత ఫైళ్లతో నడిపి చూచెను. లింకుతోపాటు అది చూపిన ఫోల్డరులోని కల్పిత రోగుల వివరములన్నియు నిమేషమాత్రమున అదృశ్యమయ్యెను. మఱియొకమాఱు నడిపి చూచి ఆమె గురువుగారికి ఫోను చేసెను.

“మాస్టారూ, తొలగించు ప్రోగ్రాములో ఒక దోషము కనబడినది.”

“చెప్పు తల్లీ. నా మనసు నొచ్చునని నాన్చకుము.”

ఆమె సర్వము విన్నవించెను.

“రెండు తెగల లింకులను పరీక్షించితిననియే తలచితిని. చదివి వినిపించునపుడు రెండు పేర్లును నాకు ఒక్కటిగానే తోచినవి కాబోలు. కంటిపని చెవి చేయునా అమ్మా?”

“నేను సరిదిద్దెదను మాస్టారూ. మీ పేరనే చేర్చెదను.”

“వలదు. నేను కనలేని తప్పును నీవు దిద్దినచో అది నీ పని. నా ప్యాచ్‌ను త్రిప్పి పంపుము. చదువుకొనునాడు నీవి నేనెన్ని త్రిప్పి పంపలేదు? నీవు ఏడ్చెడిదానవు కూడ” అని నవ్వబోయి ఆయన నవ్వలేకపోయెను.

సువర్చల “అంగీకరింపబడదు” అని వ్రాసి, నలుగురు చూచుచోట గురువు పేరు క్రింద ఆ మాటను నిలిపి, ముఖము చేతులలో దాచుకొని వెక్కివెక్కి యేడ్చెను.

భాద్రపదము వెళ్లునాటికి ఆమె దిద్దిన ప్రోగ్రాములు ఆసుపత్రిలో నిరపాయముగా నడువసాగెను. ఆ వార్త విని సోమయాజులుగారు “సంతోషమమ్మా” అనిరి, మఱేమియు నడుగలేదు. అటుపిమ్మట ఆయన కంప్యూటరు ముందు కూర్చుండుట ఎవ్వరును చూడలేదు.

నేర్చిన నిష్ఠను నేర్పినవానిపైననే ప్రయోగింపవలసివచ్చుటకంటె కఠినమైన గురుదక్షిణ లోకమున వేఱొండు లేదు.