ఈమెను ఎరిగినవారెవరు?

నాలుగేళ్లుగా నా ఆదివారం ఆరాధన మా వంటింట్లోనే జరుగుతోంది. తొమ్మిదిన్నరకు ఫోన్‌ని పప్పుల డబ్బాకు ఆనించి చర్చి లైవ్ పెడతాను. ఒక పక్క పాటలు, ఒక పక్క ఉల్లిపాయలు. ప్రార్థన ముగిసేసరికి చెయ్యి తుడుచుకుని కామెంట్లలో "ఆమెన్" అని టైప్ చేస్తాను. అంతటితో ఆ వారం భక్తి అయిపోయినట్టే.

నన్ను తప్పుపట్టే ముందు నా వారం సంగతి కూడా వినండి. కోకాపేటలో ఒక కంపెనీలో పదహారు మంది టీమ్‌కి నేను లీడ్‌ని. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరో ఒకరు "ప్రవీణా, ఒక్క నిమిషం" అంటూనే ఉంటారు. ఆ ఒక్క నిమిషం గంటకు తక్కువ ఉండదు. మా ఆయన అవినాష్‌దీ ఇదే ఉద్యోగం, ఇదే నీరసం. ఆదివారం కూడా పొద్దున్నే లేచి, చీర కట్టుకుని, పుప్పాలగూడ నుంచి బోరబండ దాకా వెళ్లి, మెట్లెక్కి, రెండో అంతస్తులో చాప మీద రెండు గంటలు కూర్చునే ఓపిక నాకెక్కడిది? దేవుడు అన్నిచోట్లా ఉన్నప్పుడు మా వంటింట్లో మాత్రం ఎందుకుండడు? ఇలా అనుకున్నప్పుడల్లా ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ హాయిని చెడగొట్టింది ఈరమ్మ.

ఈరమ్మ మా ఆఫీసులో, మా ఫ్లోర్‌లోనే హౌస్‌కీపింగ్ చేస్తుంది. నారాయణపేట వైపు మనిషి. మూడేళ్ల కిందట ఒకరోజు ప్యాంట్రీలో టీ కలుపుకుంటూ నేను కూనిరాగం తీస్తుంటే, తుడిచే కర్ర పక్కన పెట్టి, "గా పాట ఏంది మేడం? మంచిగున్నది" అని అడిగింది. చర్చి పాటని చెప్పాను. చర్చి ఎక్కడంటే బోరబండ అడ్రసు చెప్పాను. చెప్పి మరిచిపోయాను కూడా. ఆమె మరిచిపోలేదు. అప్పటినుంచి ప్రతి సోమవారం నా టేబుల్ కింద చెత్తబుట్ట ఖాళీ చేస్తూ ఒకటే మాట.

"నిన్న రాకపోతివి మేడం."

"లైవ్ చూశాను ఈరమ్మా."

"అట్లనా" అని వెళ్లిపోయేది. దెప్పితే నేనూ తిరిగి నాలుగు అనేదాన్ని. దెప్పేది కాదు. నాకు ఒళ్లు మండేది అందుకే.

ఈ ఏడాది ఈస్టర్ దగ్గర పడుతుండగా, ఒకరోజు చెత్తబుట్ట చేతిలో ఉండగానే చెప్పింది, బాప్తిస్మం తీసుకుంటున్నానని. "ఈ ఆదివారం నువ్వు జర రావాలె మేడం. నువ్వే లేచి చెప్పాల్నంట."

మా చర్చిలో అదొక పాత పద్ధతి. బాప్తిస్మానికి ముందు పాస్టరుగారు ఆ మనిషిని సభ ముందు నిలబెట్టి, "ఈమెను ఎరిగినవారెవరు?" అని అడుగుతారు. ఆమెకు చర్చి దారి చూపించినవాళ్లు లేచి, "నేను ఎరుగుదును" అనాలి. ఆ మాట విన్నాకే పేరు రాసుకుంటారు. ఈస్టర్‌కు ముందు రెండు ఆదివారాలు అడుగుతారు. రెండోసారీ ఎవరూ లేవకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. తప్పకుండా వస్తానని మాటిచ్చాను. మాటకేం, ఆఫీసులో రోజుకు పది ఇస్తాను.

ఆదివారం లేవలేకపోయాను. శనివారమంతా పని చేసి మెడ పట్టేసింది. లైవ్‌లోనే చెప్పేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. వేళాకోళం కాదు, నిజంగానే అనుకున్నాను. ఆఫీసులో సగం అనుమతులు నేను చాట్‌లోనే ఇస్తాను మరి.

ఫోన్‌లో ఈరమ్మ కనిపించింది. కొత్త తెల్లచీర, మడతలు ఇంకా విడలేదు. పాస్టరుగారు అడిగారు. నేను గబగబా "నేను ఎరుగుదును, ప్రవీణ, పుప్పాలగూడ" అని టైప్ చేసి పంపాను. లైవ్ అరనిమిషం ఆలస్యంగా వస్తుందని నాకు అప్పుడు తట్టలేదు. పైగా ఆరాధన మధ్యలో కామెంట్లు చూసేదెవరు? ఈరమ్మ తలుపు వైపు చూసింది. పాస్టరుగారు ఆగారు. ఆమె మళ్లీ తలుపు వైపే చూసింది. ఇంతలో కుక్కర్ కూసింది. స్టవ్ ఆపి వచ్చేసరికి ఈరమ్మ వెళ్లి తన చోట కూర్చుంది. నా కామెంటు కింద ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

సోమవారం ఈరమ్మతో, నిన్న ఒంట్లో బాగాలేదని అబద్ధమాడాను.

"ఫికర్ చెయ్యకు మేడం, ఇంకో ఆదివారం ఉన్నది" అంది ఈరమ్మ. చెత్తబుట్ట ఖాళీ చేస్తూ, "నన్ను ఎరిగినోళ్లు గాడ ఉన్నరని మా ఆయనకు చెప్పి పోయిన. ఎవలు లేవలేదంటే నవ్విండు, గంతే" అంది.

ఆ మరుసటి ఆదివారం వెళ్లాను. ఒళ్లంతా నొప్పులే, అయినా వెళ్లాను. మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. పాస్టరుగారు నాకేమీ కొత్త కాదు. ఆయన చెంప మీది పుట్టుమచ్చ కూడా నాకు తెలుసు, మూడేళ్లుగా ఫోన్‌లో చూస్తున్నాను కదా. ఆయన మాత్రం నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసి, నమస్కారం పెట్టారు.

ఈరమ్మను ముందుకు పిలిచి అడిగారు. లేచి నిలబడి, "నేను ఎరుగుదును" అన్నాను.

"సంతోషం అమ్మా. ఈమె గురించి రెండు మాటలు చెప్పండి."

"మా ఆఫీసులో పని చేస్తుందండి. చాలా మంచి మనిషి."

"ఇల్లెక్కడ? పిల్లలెంతమంది?"

మూడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ముందు వరసలో కూర్చున్న సరిత అనే ఆమె నన్ను చూసి జాలిపడిందేమో, తనే అందుకుంది. "ఇద్దరు ఆడపిల్లలు అయ్యగారూ. పుప్పాలగూడల ఉంటరు, చెరువు దిక్కు పెద్ద అపార్ట్‌మెంట్ల ఎనక, బస్తీల."

ఆ అపార్ట్‌మెంట్లలోనే నేనుంటాను. మా బాల్కనీలోంచి ఆ బస్తీ రేకులు కనిపిస్తాయి. అక్కడినుంచి ప్రతి ఆదివారం ఈరమ్మ రెండు బస్సులు మారి బోరబండ వస్తోంది. దారిలో ఎన్ని చర్చిలు లేవు? నేను చెప్పిన అడ్రసు కాబట్టి ఇక్కడికే వస్తోంది. మా కారు ఆదివారమంతా సెల్లార్‌లో పడుకుంటుంది.

"ఏమనుకోకండి అమ్మా" అన్నారు పాస్టరుగారు మెత్తగా. "మీరు మన సంఘంవారేనా? నేనొచ్చి మూడేళ్లయింది, మిమ్మల్ని చూసిన గుర్తు లేదు." సభ వైపు తిరిగి, "ఈమెను ఎరిగినవారెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

ఎవరూ లేవలేదు. నాకు తెలిసినవాళ్లు ఇళ్లు మారిపోయినట్టున్నారు. ఉన్నవాళ్లు నన్ను గుర్తుపట్టలేదు. ఎవరైనా వస్తారేమోనని నేనూ తలుపు వైపు చూశాను. అంతమంది మధ్య ఒంటరిగా నిలబడటం ఏమిటో, కిందటి ఆదివారం ఈరమ్మను ఎక్కడ నిలబెట్టి వదిలేశానో అప్పుడు తెలిసింది.

"నేను ఎరుగుదును అయ్యగారూ" అంది ఈరమ్మ, ముందు నిలబడినదల్లా.

కొందరు నవ్వారు. పాస్టరుగారూ నవ్వాపుకుంటూ, "నీ కోసం ఆమె, ఆమె కోసం నువ్వా?" అన్నారు.

"అవునయ్యగారూ. ఈ జాగ నాకు చెప్పింది ఆమెనే. మంచిదే. పని చేసి చేసి మస్తు అలిసిపోతది. అందుకే వస్తలేదు, ఇంకేం లేదు."

"ఈరమ్మ ఎరుగుదునంటే సాలయ్యగారూ" అంది సరిత. "మూడేండ్లల్ల ఒక్క ఆదివారం ఇడవలే." అవునవునంటూ నలుగురైదుగురు తలలూపారు. ఈరమ్మ ఒక్క మాటంటే వాళ్లందరికీ చాలు. అలాంటి మాట చెప్పడానికి ఆమె ఎన్ని ఆదివారాలు ఆ చాప మీద కూర్చుందో నేను లెక్కపెట్టలేను. నేనూ ప్రతి వారం "ఆమెన్" అన్నదాన్నే, కానీ నా పక్కన ఎవరూ లేరు.

పాస్టరుగారు పుస్తకం తెరిచి ఈరమ్మ పేరు రాశారు. తర్వాత కలం ఎత్తి నా వైపు చూశారు. "మీ పేరు చెప్పండమ్మా."

నేను నోరు తెరిచేలోగా నా తరఫున ఈరమ్మే చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఆమె ఇంటిపేరు నాకు తెలియదు.