శాలువాకి అంటిన గాంధారం

బడిగంట కొట్టగానే పాటల టీచరు హార్మోనియం మూసి, అద్దం ముందు నిలబడి, ఒంటికి అంటుకున్న అపస్వరాలు ఏరి పారేసుకునేది. పిల్లలు తప్పు పాడినప్పుడల్లా ఆ స్వరం వచ్చి పల్లేరుకాయలా ఆవిడ బట్టలకి పట్టుకునేది మరి. కింద రాలితే ఒక్కసారి మోగి ఊరుకునేది, అదీ పాడినవాళ్ళ గొంతుతోనే. "మీ బట్టలు ఉతుకుతుంటే చెవులు చిల్లులు పడుతున్నాయమ్మా" అని లాండ్రీ అతను రేటు కూడా పెంచాడు.

ఎంత ఏరినా కొన్ని మిగిలేవి. అందుకే సాయంత్రం నాటకశాలకి వెళ్ళగానే వెనక గుమ్మం దగ్గర శాలువా దులిపేది. వాచ్‌మన్ చీపురు అందిస్తూ, "ఇవాళ దిగుబడి బాగున్నట్టుందే టీచరమ్మా" అనేవాడు. ఆవిడకి ఒళ్ళు మండేది. పగలంతా ఒకళ్ళ గొంతు సరిచెయ్యడం, సాయంత్రమంతా ఇంకొకళ్ళకి వంత పాడటం. ఇరవై రెండేళ్ళలో దక్కిన వేషాలు పొరుగింటావిడ, చెలికత్తె, ఒకసారి గోడ.

ఆ వారం తల్లి వేషం కట్టే నటి కాలు విరగ్గొట్టుకుంది. ఎల్లుండే మొదటి ప్రదర్శన. దర్శకుడు గత్యంతరం లేక, "నువ్వోసారి పాడమ్మా, చూద్దాం" అన్నాడు.

తప్పిపోయిన బిడ్డని వెతుక్కునే తల్లి పాట అది. టీచరు ఎక్కడా పిసరంత తేడా రాకుండా పాడింది. దర్శకుడు ఆవలించాడు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే నా ఖర్మ" అన్నాడు.

ఉక్రోషంతో ఆవిడ చివరి చరణం మళ్ళీ ఎత్తుకుంది. బిడ్డని పిలుస్తూ వంగినప్పుడు శాలువా మడతలోంచి ఏదో జారి చెక్కల మీద మోగింది. మొండిఘటం పాడిన గాంధారం! మొండిఘటమంటే దర్జీ కూతురు. మూడేళ్ళుగా ఆ పిల్ల గాంధారం వెంట్రుకవాసి కిందే ఉండేది.

దర్శకుడి ఆవలింత సగంలో ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వేషం నీదే. కానీ ఆ ముక్క అక్కడే రాలాలి. అది లేకపోతే నువ్వూ లేవు. తెస్తావా?"

"దానికేం సార్, బోలెడున్నాయి" అంది టీచరు.

ప్రదర్శన రోజు ఆవిడ ఆఖరి క్లాసులో ఉతికిన శాలువా నిండుగా కప్పుకుని, మొండిఘటాన్ని ఒక్కదాన్నే ముందుకి పిలిచింది. పిల్ల గాంధారం అందుకుంది. శాలువా కదల్లేదు.

"మళ్ళీ పాడు."

మళ్ళీ పాడింది. నిక్కచ్చిగా ఉంది. క్లాసంతా తలలెత్తి చూసింది.

"వచ్చింది కదా టీచర్? ఇంట్లో కుట్టుమిషను పక్కన కూర్చుని రోజూ పాడాను. కరెక్టేనా?"

తప్పు అంటే చాలు. ఆ పిల్ల బెదిరి మళ్ళీ కిందికి దిగిపోతుంది, సాయంత్రానికి కావలసిన ముక్క చేతికొస్తుంది. టీచరు నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. మూడేళ్ళు ఆగినదానివి ఇంకో రోజు ఆగలేకపోయావా అని లోపల తిట్టుకుంది కూడా.

"కరెక్టే తల్లీ. చాలా బాగుంది" అంది. ఆ పిల్ల గంతులేసుకుంటూ వెళ్ళి కూర్చుంది.

వెనక గుమ్మం దగ్గర శాలువా ఎంత దులిపినా ఏమీ రాలలేదు. వాచ్‌మన్ చీపురు గోడకి ఆనించాడు.

"తెచ్చావా?" అన్నాడు దర్శకుడు.

"లేదు సార్. పాప నేర్చేసుకుంది."

ఆయన తల పట్టుకున్నాడు. "ఈ ఒక్కరోజు కానియ్యి. రేపు ఇంకెవర్నైనా చూసుకుంటా."

టీచరు రంగం మీదికి నడిచింది. కోపం, ఏడుపు దిగమింగుకుని పాట ఎత్తుకుంది. ఊరందరి గాంధారాలూ సరిచేశాను, నాకేం మిగిలింది? చివరి చరణంలో బిడ్డని పిలవబోతే గొంతు జీరబోయి పక్కకి ఒరిగింది. ఏదో పెదవులు దాటి కింద పడి మోగి, దొర్లుకుంటూ వెళ్ళి తెర పక్కన నిలబడ్డ దర్శకుడి చెప్పుకి తగిలి ఆగింది. హాల్లో ఎవరో ముక్కు చీదారు.

తెర పడ్డాక ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని వచ్చాడు.

"లేదన్నావుగా. ఇదెవరిది?"

"నాదే సార్" అంది పాటల టీచరు.