కొండలరావు చేతి సైగ

ఒక మాట ముందే చెబుతున్నాను. మా హిమబిందు బంగారుతల్లి అని నా దగ్గర ఎవరూ అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది. స్వయానా నా చెల్లెలి కూతురు. నా భుజాల మీదెక్కి ఆర్కే బీచిలో బుడగలు కొనిపించుకున్న పిల్ల. ఆ పిల్లే పన్నెండు నిమిషాల్లో నా పరువు తీసి మద్దిలపాలెం నడిబొడ్డున ఆరేసింది. అదీ ఒక్క మాట కూడా అనకుండా.

బిందు పిల్లలకు డాన్సు నేర్పుతుంది. కూచిపూడి కాదు, జాతరలో వేసే రికార్డింగ్ డాన్సూ కాదు. కాంటెంపరరీ అంటుంది. అదేమిటే అని అడిగితే, "మనం రోజూ పనుల్లో ఎలా కదుల్తామో అదే మావయ్యా, నలుగురూ సూసేలాగ సేత్తాం" అంది. మన ఊళ్ళో డాన్సులు కట్టేవాళ్ళు ఐదుగురు కలిసి, ఒక ఆదివారం సాయంత్రం కల్యాణమండపంలో తలా పన్నెండు నిమిషాలు ప్రదర్శన పెట్టుకున్నారు. దానికోసం బిందు నా దగ్గరకొచ్చి, "నీ సేతులు కావాలి మావయ్యా" అంది.

నేను ముప్పయ్యేళ్ళు హార్బరులో సిగ్నల్ మేన్‌గా చేశాను. ఓడలోంచి సరుకు దించే క్రేను ఆపరేటరు ఎక్కడో ఆకాశంలో కూర్చుంటాడు. ఆ మోతలో అతనికి మాట వినబడదు. బరువు కింద ఎవరున్నారో కనబడదు. కింద నిలబడ్డ సిగ్నల్ మేన్ చెయ్యి ఒక్కటే కనబడుతుంది. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తు. కిందికి పెట్టి తిప్పితే దించు. అరచెయ్యి నేలకేసి అడ్డంగా ఊపితే ఆపు. ఆ చెయ్యి తప్ప ఇంకేదీ నమ్మకూడదు, మా పనిలో మొదటి పాఠం అదే. నాకు ప్రతి సైగకూ ముందు ఎడమ భుజం ఒకసారి పైకి ఎగురుతుంది. "కొండలరావు భుజం ఎగిరితే గానీ బరువెగరదు" అని మావాళ్ళు ఏడిపించేవాళ్ళు.

మూడు నెలలపాటు ఆదివారం పొద్దుటపూట బిందువాళ్ళ డాబా మీద ఆ సైగలన్నీ నేర్పాను. నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉండేది. రిటైరయ్యాక మా ఆవిడ మంగాయమ్మ చిక్కుడుకాయలు ఒలిపించడానికి తప్ప నా చేతులతో ఎవరికీ పనిపడలేదు.

ఒకరోజు బిందు పట్టేసింది. "అన్నీ గబగబా సేత్తన్నావ్ మావయ్యా. దించు కాడికొచ్చేసరికి నీ సెయ్యి ఆగిపోతంది. ఏటి?"

పదకొండేళ్ళుగా మంగాయమ్మకు కూడా చెప్పని సంగతి ఆ పిల్లకు చెప్పాను. ఎందుకు చెప్పానంటే, అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆ రోజు ఉక్కు రేకుల చుట్ట గాల్లో ఉంది. దాని కింద మా కూలీ అప్పలసూరి, చుట్ట ఆనడానికి చెక్కలు సర్దుతున్నాడు. నేను వేలు కిందికి పెట్టి మెల్లగా దించు తిప్పుతున్నాను. కాస్త దిగాక ఆపించి, అతను తప్పుకున్నాక మళ్ళీ దించాలి. ఇంతలో జేబులో ఫోను మోగింది. మంగాయమ్మ. గ్యాస్ బండ వచ్చింది, పుస్తకం ఎక్కడ పెట్టావని. ఎడమ చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని అటు తిరిగాను. కుడి చెయ్యి తిరుగుతూనే ఉంది. అప్పలసూరి కేక వినబడ్డాకగానీ ఆగలేదు. అతని పాదం నలిగిపోయింది. ఇప్పుడు ఆనందపురంలో కొడుకు దగ్గర కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

విచారణలో నేను ఆపు చూపించానని చెప్పాను.

పైన క్రేనులో ఉన్నది శ్రీరామ్మూర్తి. నాకు బావ. చుట్టరికం కాదు, అంతకన్నా ఎక్కువ. "నాకు దించమన్నట్టే కనబడింది" అని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి అడిగినప్పుడు నా మొహంలోకి చూసి, "కొండలరావు అబద్ధమాడడు. నా కళ్ళే మోసం సేసుంటాయి" అన్నాడు. కంపెనీవాళ్ళు అతన్ని పన్లోంచి తీసేశారు. ఇప్పుడొక అపార్టుమెంటుకు వాచ్‌మేన్. కళ్ళకేమీ లేదని డాక్టరు చెప్పినా నమ్మలేదు. స్కూటరు అమ్మేశాడు, మళ్ళీ హేండిలు పట్టుకోలేదు. రోడ్డు దాటాలన్నా పక్కవాడి చెయ్యి పట్టుకుంటాడు. ఎక్కడికెళ్ళాలన్నా నా బండి వెనకే. "నువ్వు లేకపోతే నాను గుడ్డోణ్ణి బావా" అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను ఇంకేదో మాట్లాడేవాణ్ణి.

ఇదంతా విని బిందు ఏడ్చింది. "శ్రీరామ్మూర్తి మావయ్యకి సెప్పెయ్" అంది. "నోర్ముయ్. ఇంటిగుట్టు లంకకు చేటు" అన్నాను. ఎవరికీ చెప్పనని నా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టింది. ఒట్టు పెట్టిందండీ! అది గుర్తుంచుకోండి.

ప్రదర్శనకు వారం ముందు నాకు రెండు పాసులిచ్చింది. ఇంకో పది కావాలన్నాను, హార్బరువాళ్ళను తీసుకొస్తానని. దాని మొహం వాడిపోయింది. "వద్దులే మావయ్యా, ఆళ్ళకేటి అర్థమవుతాది" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. మావాళ్ళను తీసుకురావడం దీనికి నామోషీ అనుకున్నాను. "ఏటే, సదువుకున్నోళ్ళే సూడాలా? మా సైగలు మాకర్థం కావా?" అని గయ్యిమన్నాను. పది పాసులూ లెక్కపెట్టి చేతిలో పెట్టింది.

ఆదివారం సాయంత్రం వరసంతా మేమే. అందరం ఇస్త్రీ చొక్కాల్లో వెళ్ళాం. నా పక్కన శ్రీరామ్మూర్తి, అటుపక్క తిరుమలరావు. మొదటి డాన్సులో నీలం గుడ్డ పట్టుకుని ఊపారు. సముద్రమట. "మనకి సముద్రం సూపిత్తన్నార్రా!" అని తిరుమలరావు గొణిగాడు. తర్వాత దాంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు, అందరం ఆవలిస్తున్నాం.

అప్పుడు బిందు వచ్చింది. నా పాత పసుపు గ్లౌజులు వేసుకుని, ఒక్కతే. నడిమధ్యకొచ్చి నిలబడి ఎడమ భుజం ఎగరేసింది.

మా వరస గొల్లుమంది. "ఓలమ్మో, మన కొండలరావే!" అని తిరుమలరావు ఈల వేశాడు. శ్రీరామ్మూర్తి నా తొడ మీద చరిచి, "బావా, అచ్చం నువ్వే! దిగిపోయావనుకో!" అన్నాడు. నా ఛాతీ పొంగింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధమెందుకు. వెనకనుంచి నలుగురు పిల్లలొచ్చి ఇంకో పిల్లను భుజాలకెత్తుకున్నారు. అదన్నమాట బరువు. బిందు వేలు తిప్పితే లేస్తోంది, అరచెయ్యి ఊపితే గాల్లోనే నిలబడిపోతోంది. మావాళ్ళు పైకే చదవడం మొదలెట్టారు. "ఎత్తు... ఎత్తు... ఆపు." ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి నవ్వుతున్నారు.

మరో పిల్ల వచ్చి ఆ బరువు కింద కూర్చుంది. బిందు భుజం ఎగరేసి, వేలు కిందికి పెట్టి మెల్లగా తిప్పింది. "దించు" అన్నారు మావాళ్ళు. ఎడమ చెయ్యి జేబులోకి వెళ్ళింది. చెవి దగ్గరికొచ్చింది. తల అటు తిరిగింది. కుడి చెయ్యి తిరుగుతూనే ఉంది.

"దించు" అని తిరుమలరావు ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత అతను కూడా అనలేదు.

కింద కూర్చున్న పిల్ల నోరు తెరిచింది గానీ కేక వెయ్యలేదు. లైట్లు ఆరిపోయాయి. హాలంతా లేచి చప్పట్లు. మా వరస మాత్రం లేవలేదు. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. శ్రీరామ్మూర్తి చెయ్యి ఇంకా నా తొడ మీదే ఉంది. కాసేపటికి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను తిన్నగా స్టేజీ వెనక్కి వెళ్ళాను. అక్కడ ఎవరో బిందుకు పూలగుత్తి ఇస్తున్నారు. "నమ్మించి గొంతు కోత్తావటే? ఒట్టేసి!" అని అరిచాను. పిల్లలందరూ బెదిరిపోయి పక్కకు తప్పుకున్నారు.

"నాను ఎవులికీ సెప్పలేదు మావయ్యా" అంది.

"సెప్పకపోతే ఇదేటి?"

"అది తీసేసి ఆరుసార్లు సూశాను. డ్రిల్లు మాస్టారి పాఠంలాగుంది. పేరెట్టలేదు, ఊరెట్టలేదు. హాల్లో ఎవులికీ తెలీదనుకున్నాను. ఆళ్ళని తేవద్దన్నాను కదా, నువ్వే తెచ్చావు."

"ఆళ్ళొత్తారని వారం ముందే తెలుసు కదే. అప్పుడు మార్చొచ్చు కదా!"

ఒక్కో వేలూ లాగి గ్లౌజులు ఊడదీసుకుంది. "మార్చొచ్చు" అంది చివరికి. నా మొహంలోకి చూసే అంది. ఆ గ్లౌజులు నా చేతిలో పెట్టబోయింది. తోసేసి వచ్చేశాను. నా గడప తొక్కొద్దని కూడా చెప్పాను. తొక్కలేదు ఇప్పటిదాకా.

బయట మావాళ్ళ బళ్ళు ఒక్కటీ లేవు. వెళ్తున్నామని ఎవరూ చెప్పలేదు. నా బండి దగ్గర శ్రీరామ్మూర్తి ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఇంకెలా వెళ్తాడు, ఇన్నేళ్ళూ నా వెనకేగా వెళ్ళాడు.

"కొండలరావ్" అన్నాడు. బావా అనలేదు. "ఆ రోజు నాకు దించమనే కనబడింది. అవునా?"

నేను గ్యాస్ బండ అన్నాను. మంగాయమ్మ ఫోను చేసిందన్నాను. పిల్లలు చిన్నవాళ్ళు, ఉద్యోగం పోతుందని భయమేసిందన్నాను. అన్నీ విన్నాడు.

"అవునా, కాదా?"

"అవును."

తల ఊపాడు. రోడ్డవతల షాపుల బోర్డుల వంక చూశాడు. ఒక్కో బోర్డూ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు, చివర ఉన్న చిన్న అక్షరాల మందుల షాపుదాకా. తర్వాత చెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యి."

ఇచ్చాను. బండెక్కి అద్దం సరిచేసుకున్నాడు. నేను వెనక కూర్చోబోయాను. "నువ్వొద్దు" అన్నాడు. కాళ్ళు నేలకానించి రెండడుగులు నడిపించాడు. బండి అటూ ఇటూ ఊగింది. డిపో వైపునుంచి బస్సు వస్తోంది. నా ఎడమ భుజం ఎగిరింది. చెయ్యి చాపి, అరచెయ్యి నేలకేసి అడ్డంగా ఊపాను. పదకొండేళ్ళ కింద ఊపానని చెప్పిన చెయ్యి.

శ్రీరామ్మూర్తి అద్దంలోంచి నన్ను చూశాడు. బస్సును పోనిచ్చాడు. అటూ ఇటూ చూసుకుని, మళ్ళీ ఒకసారి అద్దంలో నా చెయ్యి చూశాడు. అది ఇంకా ఊగుతూనే ఉంది. బండి రోడ్డు మీదికి తీశాడు.

ఆగలేదు.