ఎంగిలి రొట్టె

పతిగుల్ ఆపా పిండి ముద్దను బల్లమీద చరిచి, కోడి ఈకల కాడలు కట్టిన చిన్న మొద్దుతో దాని నడుమంతా టకటకా పొడుస్తోంది. పక్కనే అక్తర్ బీ పళ్ళాలు తోముతోంది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీల నడుమ ఉన్న ఆ రొట్టెల కొట్లో ఇద్దరిదీ ఏళ్ళ సావాసం. ఆపా నేర్చుకున్న వచ్చీరాని ఉర్దూలోనే కష్టసుఖాలన్నీ. అక్తర్ బీది రాయచోటి. ఆపాది చైనా పడమటి కొస. మొహం చూసి అందరూ చీనా బాయి అంటారు. "చీనా కాదు, ఉయ్‌గుర్" అని ఆమె ప్రతిసారీ విసుక్కోకుండా దిద్దుతుంది. ఎర్రటి బుగ్గలు, మోచేతుల దాకా కాలిన మచ్చలు, పైవరసలో ముందు పన్ను లేదు.

ఆమె పాస్‌పోర్టు గడువు ముగియబోతోంది. కొత్తది కావాలంటే సొంతూరికే రావాలని చైనా కాన్సులేట్‌లో అన్నారు. అలా వెళ్ళిన చెల్లెలు మళ్ళీ ఫోనెత్తలేదు. అందుకే ఆ పుస్తకానికి ప్రాణం ఉండగానే ఇస్తాంబుల్‌లో మేనల్లుడి దగ్గరికి పోతోంది. సాయంత్రమే విమానం. అయినా ఎప్పటిలాగే మధ్యాహ్నం దాకా రొట్టెలు కాల్చింది.

చివరి వాయిలో ఒక రొట్టె తీసి, అంచు కొరికి, పొయ్యి పక్క మేకుకి తగిలించింది. మిగిలిన ముక్కలన్నీ పావురాలకేసే అక్తర్ బీ చెయ్యి దానిమీదికి పోయింది.

"ఎంగిలిది ఈడ ఏలాడదీసినావేంది ఆపా?"

"ముట్టకు బెహన్. దూరం పోయేవాళ్ళు కొరికి పోతారు. మిగతాది ఇల్లు దాస్తుంది. వచ్చి తినాలి."

"ఎంగిలి దాస్తారా! మా అత్తయితే చీపురు తిరగేసేది."

ఆపా నవ్వింది. "వెనకటి చీనా పాదుషా మా ముత్తాతల ఊళ్ళో వయసువాళ్ళందర్నీ లేపి, కోట సిపాయిలకి ధాన్యం పండించమని కొండలవతల ఇలి లోయకి తోలాడు. అప్పుడు ముత్తాత కొరికింది వాళ్ళమ్మ దాచింది. నేను కొరికింది మా అమ్మ దాచింది."

"ఉందా ఇంకా?"

"ఆ గోడే లేదు. వీధంతా కూల్చేశారు." ఆపా చేతుల పిండి దులుపుకుంది.

బయట వ్యాన్ తోలే జానీ బాషా హారన్ కొట్టాడు. "అక్కా, యల్లా! ఆపాను బిర్నా పంపీ. నేను తోలేది వ్యాను, ఇమానం కాదు!"

ఆపా సంచీ పట్టుకుని ఎక్కింది.

చేరానని ఫోను చేసింది. ఆ పాస్‌పోర్టు చచ్చాక ఇటు రావడానికి దారి ఉండదని ఇద్దరికీ తెలుసు. అయినా రొట్టె సంగతి అడిగింది.

"ఉంది ఆపా, ఉంది" అంది అక్తర్ బీ.

కొత్తగా వచ్చిన రొట్టెలాయన తువ్వాలు తగిలించుకోవడానికి ఆ మేకు అడిగితే, అతనికి వేరే మేకు కొట్టించింది. పొయ్యి సెగకి పెంకులా ఎండిపోయిన రొట్టె అక్కడే వేలాడుతోంది. కొరికిన అంచున, పన్ను లేని చోట మిగిలిన చిన్న ముక్క ముందుకి పొడుచుకొచ్చి అలాగే ఉంది.