సుశీల గారింట్లో ఏసీ

పదింపావుకల్లా దేవకుమారి వంటపని తెమిలిపోవాలి. భర్త ప్రతాప్ ఏడింటికే క్యారేజీ పట్టుకుని బాపట్ల బస్సెక్కుతాడు, అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా. నాలుగున్నరేళ్ల కూతురు స్టెల్లా ఎనిమిదిన్నరకి స్కూలు ఆటో ఎక్కుతుంది. ఇక్కడ పదిన్నర అయ్యేసరికి గల్ఫులో తొమ్మిదవుతుంది. అప్పుడు దేవకుమారి వెనక గదిలోకి వెళ్లి, గడియ పెట్టుకుని, హెడ్‌సెట్టు తగిలించుకుని ఉద్యోగంలో కూర్చుంటుంది.

ఆ ఉద్యోగం ఎడారిలో కట్టిన ఒక గల్ఫు నగరానిది. రేపల్లెలో అందరూ దాన్ని దుబాయ్ అనే అంటారు. అది దుబాయ్ కాదని ఆవిడ మొదట్లో చెప్పి చూసి, తరవాత ఊరుకుంది. అక్కడి పెద్ద పెద్ద బిల్డింగుల్లో ఏసీ ఆగినా, లిఫ్టు మొరాయించినా, కుళాయిలో నీళ్లు రాకపోయినా జనం ఒక నంబరుకి ఫోన్ చేస్తారు. తెలుగువాళ్లు చేస్తే అది రేపల్లెలో మోగుతుంది. కంపెనీవాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. తానూ ఆ నగరంలోనే ఉంటున్నట్టు మాట్లాడాలి. రేపల్లె అన్నమాట నోట రాకూడదు. "నాకూ తెలుసండి మీ బాధ, ఇవాళ ఇక్కడ నలభై ఎనిమిది డిగ్రీలు" అని రోజుకి నలభైసార్లు అనాలి. ఆదివారం అక్కడ పనిరోజు కావడంతో ఆవిడకి గుడికి వెళ్లడం కూడా పోయింది.

అలా ఆరునెలలు అన్నాక వెనక గదిలో ఎండ మొదలైంది.

బయట ముసురు పట్టి వీధంతా బురదగా ఉన్నా గదిలో మాత్రం పొడి సెగ. ఊడ్చినకొద్దీ సన్నటి ఇసక. కిటికీలోంచి పెరటి జామచెట్టు కనపడటం మానేసి, ఎక్కడో కింద వెడల్పాటి రోడ్డూ, దాని మీద అగ్గిపెట్టెలంత కార్లూ కనపడసాగాయి. ఎవరో కస్టమరు అడిగితే తాను పధ్నాలుగో అంతస్తులో ఉంటానని ఆవిడ చెప్పింది మరి. ఇంటి యజమాని అన్నమ్మ గారు ఓరోజు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, "ఎండ బాగానే ఉందే" అని, మర్నాడే రెండు చాటల్లో గుమ్మడి వడియాలు తెచ్చి కుర్చీ వెనకాల ఆరబెట్టింది. ఆ తరవాత వీధిలో తడిబట్టలున్న ఆడవాళ్లంతా ఆవిడ దారే పట్టారు. "దేవమ్మా, ఈ రెండు దుప్పట్లూ కాస్త దుబాయ్‌లో వెయ్యమ్మా" అని గుమ్మంలోంచి అందించి పోయేవాళ్లు.

బట్టలు ఆరడం వరకూ బాగానే ఉంది. కానీ ఆ గదిలో కూర్చుని తన గురించి ఏమంటే అది అయిపోతోందని దేవకుమారికి త్వరలోనే తెలిసొచ్చింది. శాకాహారి కస్టమరు ఒకాయన ఆప్యాయంగా మాట్లాడుతూ, "మీరు చేపలూ అవీ తింటారాండి?" అనడిగితే, పెద్దాయన నొచ్చుకుంటాడేమోనని "అబ్బే, ముట్టనండి" అంది. సాయంత్రం ప్రతాప్ తెచ్చిన కొరమీను పులుసు పొయ్యి మీద ఉడుకుతుంటే ఆవిడ పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. అప్పటినుంచీ చేప లేదు. రేపల్లెలో పుట్టి పెరిగిన మనిషి పప్పూ పచ్చడీ వేసుకుని తినడం చూసి ప్రతాప్ జాలిపడ్డాడు గానీ ఎందుకని అడగలేదు. ఉద్యోగమన్నాక ఏవో ఉంటాయి.

ఆవిడకి పని నేర్పింది తెనాలిలో ఉండే ప్రేమ్ కుమార్. అతనూ తన ఇంట్లో ఇలాంటి గదిలోనే కూర్చుని పనిచేస్తాడు. చేప సంగతి ఆవిడ ఓరోజు అతనికి ఫోన్లో చెప్పింది.

"అక్కా, కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు గదా. మన గదుల్లో అది మరీ నిజం" అన్నాడు ప్రేమ్ కుమార్. "ఎండ గురించి చెప్పు, ట్రాఫిక్ గురించి చెప్పు. ఇంట్లోవాళ్ల జోలికి మాత్రం పోకు."

"ఏమైంది తమ్ముడూ?"

"ఫోన్లో ఒక కస్టమరావిడతో నాకు పెళ్లి కాలేదన్నాను. ఏదో సరదాకి. ఇప్పుడు మా ఆవిడ కాకుమానులో వాళ్ల పుట్టింట్లో ఉంది. వెళ్తే ఎవరండి మీరు అంది. నటన కాదక్కా, నిజంగానే తెలీదు. పెళ్లి ఫొటోలో నేనొక్కణ్ణే దండేసుకుని నిలబడి ఉన్నాను."

"మళ్లీ ఆ కస్టమరుకే ఫోన్ చేసి, పెళ్లయిందని చెప్పకపోయావా?"

"చెప్పాను. చెప్తే ఆ గల్ఫు ఊళ్లో ఎవరో పెళ్లాం తయారైంది. రోజూ ఒంటిగంటకి ఫోన్ చేసి భోజనానికి ఎప్పుడొస్తావని అడుగుతుంది. మంచి మనిషే. ఆ గొంతు మాత్రం నేను ఎప్పుడూ విన్నది కాదు."

ఆ రోజు నుంచి దేవకుమారి స్టెల్లాని ఆ గది గడప తొక్కనివ్వలేదు. కస్టమర్లతో పొడిపొడిగా మాట్లాడటం నేర్చుకుంది. నాలుగు నెలలు నోరు కట్టుకుని బతికింది. భయం మాత్రం ఒకటే, పాప. పని మానేద్దామని రెండుసార్లు అనుకుంది గానీ, మానేస్తే ఆ గది ఏమవుతుందో, అందులో అన్న మాటలేమవుతాయో చెప్పేవాళ్లు లేరు.

అయితే ఆవిడకి ఈ ఉద్యోగం కంటే పాత అలవాటు ఒకటుంది. లూథరన్ గుడిలో పాస్టరు గారు దిష్టి గిష్టి లేవని ఎన్ని ప్రసంగాలు చేసినా, స్టెల్లా అరికాలికి రోజూ కాటుక చుక్క పడాల్సిందే. పాప ముద్దుగా ఉందని ఎవరైనా అంటే చాలు, "ఏం ముద్దండీ, అన్నం తినదు, ఒకటే జలుబు" అనేస్తుంది. పాపకి పద్యాలన్నీ వచ్చినా ఒక్కటీ రాదంటుంది. వాళ్లమ్మా అలాగే అనేది, అమ్మమ్మా అలాగే అనేది. ఆ మాట నోటికి రావడానికి ఆలోచన అక్కర్లేదు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. బడికి సెలవిచ్చారు. ప్రతాప్ తడుస్తూనే బాపట్ల వెళ్లాడు. పాపని ముందుగదిలో బొమ్మలిచ్చి కూర్చోబెట్టి దేవకుమారి పనిలో కూర్చుంది. అంతలో అన్నమ్మ గారు తడి చీరలు తెచ్చి ఆరేసుకుని వెళ్లింది. ఆవిడ వెనక గడియ పెట్టడం దేవకుమారి మర్చిపోయింది.

ఆ వారంలో సుశీల గారు ఫోన్ చేయడం అది మూడోసారి. సొంతూరు దుగ్గిరాల, భర్త సముద్రంలో చమురు బావి మీద పని, నెలకోసారి ఇంటికొస్తాడు. పధ్నాలుగో అంతస్తు ఫ్లాట్లో ఆవిడొక్కతే. ఏసీ బాగుచేసి వెళ్లిన రెండో రోజే మళ్లీ ఆగిపోతోంది.

"మిమ్మల్ని విసిగిస్తున్నానేమోనండి" అంది సుశీల గారు. "ఏసీ కోసమే అనుకోకండి. మీ మాట వింటుంటే మావైపు మాటలాగే ఉంటుంది. మీదే ఊరండి?"

"నేనిక్కడే పెరిగానండి. మెకానిక్కుని సాయంత్రంలోపు పంపిస్తాను."

అప్పుడు కిటికీ దగ్గర నవ్వు వినిపించింది. స్టెల్లా ఎప్పుడొచ్చిందో, స్టూలు మీదెక్కి కింద పోయే చిన్నచిన్న కార్లని చూసి పకపకా నవ్వుతోంది.

ఆ నవ్వు ఫోన్లో సుశీల గారికీ వినిపించింది. "పాపా అండి? మీ పాపేనా? అబ్బ, ఎంత బాగుందండీ ఆ నవ్వు. మాకు పన్నెండేళ్లయిందండి పెళ్లయి, ఇంకా లేరు. ఒక్కసారి ఫోను దగ్గర పెట్టి నవ్వించరూ? వింటాను."

సుశీల గారి మనసులో చెడు లేదు. అడిగిన తీరులోనే తెలుస్తోంది ఆవిడెంత మంచిదో. కానీ పిల్లల్లేని మనిషి నోట పన్నెండేళ్ల ఆశతో ఆ పొగడ్త వినేసరికి దేవకుమారికి దిష్టి భయం పట్టుకుంది. నాలుగు నెలల జాగ్రత్తనీ తోసేసుకుని అమ్మమ్మల నాటి అలవాటు ముందుకొచ్చింది.

"పాపెవరండీ? నాకు పిల్లల్లేరు. ఇక్కడెవరూ లేరు. ఆ నవ్వు మీ వైపు నుంచే వస్తోందండి."

అనేశాక గానీ తానేమందో ఆవిడకి వినపడలేదు.

అవతల సుశీల గారి గొంతు మెల్లగా, ఆశ్చర్యం కూడా లేకుండా అంది. "అవునండోయ్. లేచినట్టుంది. ఉంటాను మరి."

దేవకుమారి వెనక్కి తిరిగింది. స్టూలు మీద అన్నమ్మ గారి చీర మడత ఉంది.

ముందుగదిలో బొమ్మల్లేవు. మేకుకి యూనిఫాం లేదు. వానలో తడుస్తూ పక్కవాటాలోకి పరిగెత్తి, "పిన్నిగారూ, పాప ఇటొచ్చిందాండి?" అంది.

"ఏ పాప?" అంది అన్నమ్మ గారు. దేవకుమారి మొహం చూసి దగ్గరకి తీసుకుంది. "పెళ్లయిన ఏడేళ్లకే అలా అయిపోతే ఎట్లా దేవమ్మా. మొన్న ఆదివారం కూడా నీ కడుపు పండాలని గుళ్లో ప్రార్థన చేయించాను గదే."

ప్రతాప్‌కి ఫోన్ చేసింది. "స్టెల్లా ఏదండి?"

"అమ్మా?" అన్నాడు ప్రతాప్ అయోమయంగా. పాపకి పెట్టింది అతని తల్లి పేరే. "అమ్మ పోయి ఐదేళ్లయింది గదా. ఏంటి దేవా, ఒంట్లో బాలేదా?"

ఫోన్ పెట్టేసి పొత్తికడుపు తడుముకుంది. పాప పుట్టినప్పుడు ఆపరేషన్ చేసిన చోట కుట్ల గీత ఉండాలి. చర్మం నున్నగా తగిలింది. అప్పుడు నేల మీద కూలబడి ఏడ్చింది. తన నోటిని తానే తిట్టుకుంది. నాకో కూతురుందని ఎవరికైనా చెబుదామా అనుకుని, ప్రేమ్ కుమార్‌ని భోజనానికి పిలిచే ఆ తెలియని గొంతు గుర్తొచ్చి ఆగిపోయింది. ఎవరో కూతురు వస్తుంది, స్టెల్లా రాదు.

మూడు రోజులు అన్నం సహించలేదు, ఫోన్ దగ్గర నుంచి లేవలేదు. ఎవరి లిఫ్టో, ఎవరి కుళాయో. నాలుగో రోజు మధ్యాహ్నం సుశీల గారు చేసింది. ఈసారి ఆవిడ గొంతులో మొహమాటం లేదు, కంగారు ఉంది.

"ఏసీ మొత్తం ఆగిపోయిందండి. పాప వాడిపోయిందండి, ఒళ్లు కాలిపోతోంది. కిటికీ తీస్తే ఇంకా సెగ. ఆయన సముద్రం మీదున్నారు. పక్కన ఎవరూ తెలీదు. తొందరగా ఎవరినైనా పంపించండి."

దేవకుమారి కంప్యూటరులో చూసింది. ఎండలకి ఊరంతా ఏసీలు ఆగిపోయి, మెకానిక్కు ఎల్లుండిగానీ లేడు. అవతల నుంచి నీరసంగా, "అమ్మా, దాహం" అని వినిపించింది. రేపల్లె యాసే. ఆ పిలుపు తనని కాదు.

"ఇదిగోమ్మా, తాగు" అంటోంది సుశీల గారు. ఆ ప్రేమలో కూడా వంక పెట్టడానికేం లేదు.

గది బయట రేపల్లెలో వాన కురుస్తోంది. ఐదున్నర బస్సుకి ప్రతాప్ వస్తాడు. గొడుగు తీసుకెళ్లలేదు. వచ్చీ రాగానే టీ అడుగుతాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్కమాట అనని మనిషి. పాప దగ్గరకి తను వెళ్లిపోతే అతనేమవుతాడని దేవకుమారి ఆలోచించింది. తను కనపడకపోతే అతను ఊరూరా వెతుకుతాడు, బతికినన్నాళ్లూ వెతుకుతాడు. అలా జరక్కూడదు. అతనికి వెతుక్కోవాల్సిన మనిషే లేకుండా పోవాలి. ఏమనాలో ఒకటికి రెండుసార్లు మనసులో అనుకుని, ఈసారి తెలిసే అంది.

"సుశీల గారూ, మీది పధ్నాలుగో అంతస్తు కదండీ. నేనుండేదీ అదే బిల్డింగు. మీ పక్క ఫ్లాటే. ఒక్కదాన్నే ఉంటానండి. నాకు పెళ్లి కాలేదు, నావాళ్లంటూ ఎవరూ లేరు. మీ ఏసీ బాగయ్యేదాకా పాపని నా దగ్గరకి తీసుకురండి."

"మీరా? పక్కనేనా? అయ్యో, ఇన్నాళ్లూ తెలీలేదండి. వస్తున్నాం."

వాన చప్పుడు ఆగిపోయింది. వంటింటి వైపు తలుపుండే చోటికి దేవకుమారి చూడలేదు. చూస్తే లేవలేనని తెలుసు. హెడ్‌సెట్టు తీసి బల్ల మీద పెట్టి, మెళ్లో పెళ్లినాటి గొలుసు కోసం తడుముకుంది. లేదు. పోన్లే అనుకుంది. ఐదున్నరకి రేపల్లె బస్టాండులో ఒక బ్రహ్మచారి తడుస్తూ దిగి, టీ కొట్టు దగ్గర ఆగి, ఇంటికి పోతాడు.

కాలింగ్ బెల్లు మోగింది.

తలుపు తీస్తే నలభై ఏళ్ల సన్నటి ఆవిడ, చంకలో స్టెల్లా. పాప జుట్టంతా చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. కొత్త గౌను వేశారు. దేవకుమారి చేతులు వాటంతటవే ముందుకెళ్లబోతే పైటకొంగు పట్టుకుని ఆపుకుంది.

"ఆంటీకి నమస్తే చెప్పమ్మా" అంది సుశీల గారు.

పాప దేవకుమారిని పరాయివాళ్లని చూసినట్టు తేరిపార చూసింది. తరవాత ఆవిడ భుజం మీదుగా గదిలోకి చూసింది.

"మీ ఇంట్లో చల్లగా ఉందా ఆంటీ?"

"ఉందమ్మా, రా" అంది దేవకుమారి. అన్నాకే వెనకాల ఏసీ మొదలైంది.