పసుపు కాళ్ల కోడి

ఒక కాలు చాపి, ఒక కాలితో కత్తిపీట తొక్కిపట్టి, సైదాబీ ఉల్లిపాయలు తరుగుతోంది. నందిగామ బస్టాండు వెనక బసవమ్మ మెస్సులో పెరటి గుమ్మం పక్కనున్న పొట్టి పీటే ఆమె చోటు. ఆ ఘాటుకు దారిన పోయేవాళ్లకు కూడా కళ్లు మండుతాయి గానీ ఆమెకు చుక్క నీరు రాదు. బొటనవేలి నిండా పాత గాట్లే.

ఇన్నేళ్లూ అందరి కూరలూ తరిగింది గానీ అక్కడ మెతుకు ముట్టింది లేదు. కోళ్లేమో బజార్లో ఎవరు పడితే వాళ్లు, బిస్మిల్లా అనకుండా కోసినవి. ఆ కూరలో పెట్టిన గరిటే పప్పులోనూ పెడతారాయె. అందుకని తన డబ్బా తనే తెచ్చుకునేది. బసవమ్మకు కోపం రాలేదు, ఆరా ఎక్కువైంది.

"చేపకైతే బిస్మిల్లా అక్కర్లేదా?"

"అక్కర్లేదక్కా."

"అదేం పుణ్యం చేసుకుందే?"

"వెళ్లి చేపనే అడుగు."

ఈ రోజుతో సరి. మోకాళ్లు మొరాయించి, సైదాబీ సాయంత్రం బస్సుకు జగ్గయ్యపేటలో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. వెళ్లేలోపు ఒక్క పూటైనా తన చేతి వంట తినిపించాలని బసవమ్మ పట్టు. కొత్త గిన్నె, కొత్త గరిటె కొంది. ఇంట్లో పెంచిన పెట్టను తెచ్చి పెరట్లో గంప కింద మూసింది.

"మసీదు సందులో సాయిబు చేతే కోయిద్దాం పద, నీ కళ్లతో చూసుకుందువు" అంటూ గంప ఎత్తింది.

కోడి కాళ్లకు పచ్చగా పసుపు. నెత్తిన కుంకుమ.

"అక్కా, దీన్ని అమ్మోరికి మొక్కావా?"

"పొద్దున్నే మొక్కా. నీ మోకాళ్లు బాగవ్వాలని."

సైదాబీ చేతిలో ఉల్లిపాయ చేతిలోనే ఉండిపోయింది. వేరే దేవుడికి మొక్కిన కోడిని ఏ సాయిబు కోసినా ఆమె తినకూడదు. ఆ మాట మెల్లగా చెప్పింది. బసవమ్మ అక్కడే చతికిలబడింది.

"నీ కోసమే కదే మొక్కింది!"

"అందుకేగా చెప్పలేక చెప్పా."

కోడి గంప కింది గడ్డి మీంచి పక్కకు నడిచింది. సైదాబీ వంగి గడ్డిలో చేయి పెట్టింది. వెచ్చగా ఒక గుడ్డు.

"దీన్నీ మొక్కావా?"

"గుడ్డునెవరన్నా మొక్కుతారా, నీ మొహం! పెట్టిందనే తెలీదు నాకు."

"అయితే పులుసు పెట్టు."

కొత్త గిన్నెలో ఒక్క గుడ్డుతో పులుసు. సైదాబీ పీట మీదే కూర్చుని, అన్నంలో కలుపుకుని, వేళ్లు నాకుతూ తింది. బసవమ్మ ఆమె నోటి వంకే చూసింది.

"ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది."

"ఇన్నేళ్లకు తిని వంకలా!"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే సైదాబీకి కళ్లు తడిశాయి. నెపం ఉల్లిపాయ మీదికి తోసేసింది.

సాయంత్రం బసవమ్మ ఆమెను బస్సెక్కించి వెనక్కి వచ్చింది. సైదాబీ చెయ్యి కడిగిన తడి గుమ్మం దగ్గర ఇంకా ఆరలేదు. కోడి అందులో తిరిగినట్టుంది. ఖాళీ పీట మీద, ఈ చివర నుంచి ఆ చివరకి, పసుపు అడుగులు.